తాతార్ పాటా, పరాయి వాద్యాలూ

ఈమధ్య ఒక సాయంత్రం మా కాలేజీ విద్యార్థులు నలుగురైదుగురు మా యింటికి వచ్చి, నా చేత ఒక పాట వినిపించుకున్నారు. వినిపించుకున్నారని ఎందుకంటున్నానంటే, పాట కన్న దానిమీద నా తీర్పు వాళ్ళకు ముఖ్యం. వచ్చేటప్పటికే వాళ్ళలో వాళ్ళకు తగాదా నడుస్తున్నది.

పాడింది జూల్యా కమలోవా అనే తాతార్ స్త్రీ. 1969లో కామా నది ఒడ్డున ఉన్న సరాపూల్ పట్టణంలో పుట్టింది. 1991లో ఆస్ట్రేలియా వెళ్ళి, అక్కడి వాయిద్యగాళ్ళతో ఒక బృందం కూర్చుకుని పాడింది. పాట తాతార్ భాషలో ఉంది. వెనక అకార్డియన్, గిటారు, డబుల్ బేస్, డ్రమ్ములు. ఆ బృందం తెచ్చిన "త్రీ నైట్స్" అనే రికార్డుకు 2007లో ఆస్ట్రేలియా రికార్డు పరిశ్రమ వారు ప్రపంచ సంగీతం కింద బహుమతి కూడా ఇచ్చారు.

"మేష్టారూ, ఇది తాతార్ పాటేనంటారా? గొంతొక్కటే వాళ్ళది. వాయించేవన్నీ పరాయివి. పల్లె పాటకు రంగు పూసి బజార్లో అమ్మటం కాదూ ఇది?" అన్నాడు ఒకడు.

"శ్రమజీవులకు సరిహద్దులు లేవని రోజూ చెబుతావు. వాద్యాలకు మాత్రం సరిహద్దులు కావాలా?" అన్నది వాళ్ళలో ఉన్న అమ్మాయి.

ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నట్టే కనిపించింది. కాని ఇద్దరూ ఒక విషయాన్ని విచారించకుండానే ఒప్పుకున్నారు. ఒకప్పుడు తాతార్ పాట అనేది పరిశుద్ధంగా, ఏకాకిగా ఉండేదనీ, ఆ తరవాత దాని దగ్గరకు పరాయి వాద్యాలు వచ్చాయనీ. వచ్చినందుకు ఒకడు కోప్పడుతున్నాడు, ఇంకొకరు సంతోషిస్తున్నారు. చరిత్ర ఆ విధంగా నడిచిందా అన్నది మొదట చూడాలి. ఆ రోజు నేను చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

*

ఇక్కడ తాతార్లంటే వోల్గా నదీ తీరపు కజాన్ తాతార్లు. 1944లో జన్మభూమి నుంచి వెళ్ళగొట్టబడిన క్రిమియా తాతార్లు వేరే జాతి. వారి సంగీతం కూడా వేరు.

వోల్గా తీరంలోని బుల్గార్ రాజ్యం 922లో ఇస్లాం స్వీకరించింది. ఆ ప్రాంతంలోనే తరవాత కజాన్ ఖానేటు ఏర్పడింది. 1552లో భయంకరుడైన ఇవాన్ కజాన్‌ను పట్టుకున్నాడు. దాంతో తాతార్లు నగరంలోంచీ, సారవంతమైన నదీ తీరాల్లోంచీ వెళ్ళగొట్టబడ్డారు. 1740లలో జార్ ప్రభుత్వం కజాన్ ప్రాంతంలో వందల మసీదులను కూలగొట్టించింది. రాజధాని, రాజాస్థానం పోయిన జాతికి ఆస్థాన సంగీతం కూడా ఉండదు. పెద్ద వాద్యబృందాలను పోషించే వాడు లేడు. నాలుగు శతాబ్దాల పాటు ఆ సంగీతం పల్లెటూళ్ళలో, ఇళ్ళల్లో బతికింది. అలా బతకటానికి అన్నిటికన్న చవక అయినదీ, ఎవడూ జప్తు చెయ్యలేనిదీ మనిషి గొంతు.

అందుకే తాతార్ల ప్రాచీన సంపదలో ముఖ్యమైనది వాద్యం లేని ఒంటరి పాట. దాన్ని వాళ్ళు "ఓజిన్ కోయ్" అంటారు, అంటే పొడుగు పాట. దాని చరణాలు పొడుగు కావు. పొడుగంతా రాగం తీయటంలో ఉంది. ఒక్క అక్షరం మీద గొంతు ఎక్కుతుంది, దిగుతుంది, వణుకుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. తాళం లేదు. పాడే మనిషి ఊపిరి ఎంతవరకు ఉంటే పాదం అంతవరకు సాగుతుంది. ఆ మెలికల్లో పలికే బరువునూ, దిగులునూ వాళ్ళు "మోంగ్" అంటారు. ఆ మాటకు విచారమనే అర్థమూ ఉంది, మాధుర్యమనే అర్థమూ ఉంది. శ్రుతిలో పాడి మోంగ్ లేకుండా పాడిన వాడిని వాళ్ళు గాయకుడని ఒప్పుకోరు.

స్వరాలు అయిదే. అరస్వరం దూరం ఎక్కడా రాదు. మనవాళ్ళు వింటే మొదట మోహన గుర్తుకు వస్తుంది. మోహనలో షడ్జాన్ని ఒక్కొక్క స్వరానికే మార్చుకుంటూ పోతే మధ్యమావతి, హిందోళం, శుద్ధ సావేరి, శుద్ధ ధన్యాసి వస్తాయని సంగీతం నేర్చినవాళ్ళకు తెలుసు. తాతార్ బాణీలు తిరిగేది ఈ అయిదు ఇళ్ళల్లోనే. అంతమాత్రాన వాటిని రాగాలనకూడదు. పోలిక చెవికి దారి చూపటానికే.

పొడుగు పాట కాక వాళ్ళకు "బాయిత్"లున్నాయి. ఇవి కథ చెప్పే పాటలు. తల్లి శాపం వల్ల పక్షులై, ఎన్నటికీ కలుసుకోలేని అన్నదమ్ముల కథ "సక్-సోక్" వాటిలో ప్రసిద్ధమైనది. భక్తితో దుఃఖం చెప్పుకునే "మునాజాత్"లున్నాయి. ఉర్దూ తెలిసిన మన హైదరాబాదు మిత్రులకు ఈ రెండు మాటలూ కొత్త కావు. ఈ పాటలకు వాద్యం అక్కర్లేదు. నిలువుగా పట్టి ఊదే "కురాయ్", మన మోర్సింగు వంటి "కుబిజ్" ఉన్నాయి గాని, సనాతన ముల్లాలు వాద్యాలను మెచ్చుకోలేదు.

ఇప్పుడు మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు మొదటి జవాబు చెప్పవచ్చు. పరిశుద్ధమైన తాతార్ పాట ఏదని పట్టుబడితే, అది ఒంటరి గొంతు. ఆ లెక్కన దాని పక్కకు వచ్చిన ప్రతి వాద్యమూ, అది కజాన్‌లో తయారైనా, వియన్నాలో తయారైనా, కొంతవరకు పరాయిదే.

*

కాని ఇవాళ ఏ తాతార్ పల్లెవాణ్ణి అడిగినా తమ జాతి వాద్యం "గర్మోన్" అంటాడు. చేతుల మధ్య తిత్తిని లాగుతూ, నొక్కుతూ, మీటలు మీటే చిన్న పెట్టె. పెళ్ళిళ్ళూ, పండగలూ అది లేకుండా జరగవు. దీని పుట్టుక చూద్దాం.

1829లో వియన్నా నగరంలో సిరిల్ డెమియన్ అనే వాద్యాల పనివాడు అకార్డియన్ అనే పేరుతో ఒక తిత్తి వాద్యానికి హక్కు పత్రం పుచ్చుకున్నాడు. కొద్ది ఏళ్ళలోనే రష్యాలో తుపాకులకు పేరుపడ్డ తూలా పట్టణపు పనివాళ్ళు ఆ తరహా పెట్టెలు తయారుచెయ్యటం ప్రారంభించారు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో అది సంతల వెంట, పట్నాలకు కూలికి పోయి వచ్చే వాళ్ళ వెంట, పటాలం నుంచి తిరిగి వచ్చే వాళ్ళ వెంట తాతార్ పల్లెల్లోకి వచ్చింది. తాతార్లు తమకు ప్రియమైన రకాన్ని "తాల్యాన్" అన్నారు. ఇటలీ పేరే అలా మారింది. అంటే పేరులోనే పరాయితనం ఉంది!

ఇంకా వెనక్కి పోతే మరో విశేషం. ఆ పెట్టెలో పలికేది సన్నని లోహపు నాలుక. గాలి తగిలితే కంపించే ఈ నాలుక చీనావాళ్ళ "షెంగ్" అనే వాద్యంలో అనేక శతాబ్దాలుగా ఉన్నది. దాన్ని చూసి, ఆ సూత్రాన్ని యూరపు పనివాళ్ళు అందుకున్నారు. అంటే ఆసియా నుంచి యూరపు వెళ్ళిన ఒక ఉపాయం ఫాక్టరీ సరుకై వోల్గా ఒడ్డుకు వచ్చింది. దానికి ఏ జాతి ముద్ర వేస్తాం?

దానితో తాతార్లు ఏం చేశారన్నది అసలు విషయం. ఆ చవక పెట్టెలో మీటలు కొద్ది. దాని స్వరాల్లో వాళ్ళ అయిదు స్వరాలూ దొరికాయి. తక్కినవి వాళ్ళు వదిలేశారు. తిత్తికి ఊపిరి ఉంది గనక అది గొంతుతో పాటు సాగగలదు, ఆగగలదు. పాడేవాడు రాగం తీస్తూ ఉంటే పెట్టె వాడి వెనకే మెలికలు తిరగటం నేర్చింది. వాద్యం గొంతును లొంగదీసుకోలేదు, గొంతే వాద్యానికి మాట నేర్పింది. 1884లో పుట్టి 1958లో చనిపోయిన ఫైజుల్లా తుయిషెవ్ వంటి వాయిద్యగాళ్ళు ఆ పెట్టెను జార్ కాలంలోనూ, సోవియట్ కాలంలోనూ వేదికల మీద వాయించి జాతి గౌరవం సంపాదించిపెట్టారు.

ఈ కథ మనకు తెలియని కథ కాదు. గర్మోనుకు దగ్గర చుట్టమైన హార్మోనియం పారిస్‌లో పుట్టి మన పద్యనాటకంలోకి వచ్చింది. హార్మోనియం లేని రాయబారాన్ని మన తాతలు ఊహించలేకపోయారు. ఆలిండియా రేడియో మాత్రం 1940లో అది విదేశీయమనీ, గమకం పలకదనీ దాన్ని వెలివేసింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. గమకం పలకదన్న మాట నిజమే. కాని పల్లెటూరి రంగస్థలం మీద వేలమందికి శ్రుతి అందించే వాద్యం కావలసివచ్చినప్పుడు జనం రేడియో వారి అనుమతి కోసం ఎదురుచూడలేదు. తాతార్ పల్లెవాడు ముల్లా అనుమతి కోసం ఎదురుచూడనట్టే.

*

జనం తమంతట తాము తెచ్చుకున్న పరాయి వస్తువు ఒకటి. అధికారం తెచ్చి ఎదట పెట్టిన పరాయి వస్తువు ఇంకొకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో జరిగినది చూస్తే ఈ భేదం తెలుస్తుంది.

బెర్లిన్‌కు దక్షిణాన జోసెన్, వూన్స్‌డోర్ఫ్ అనే చోట జర్మన్లు ఖైదీల శిబిరాలు పెట్టారు. ఒక దాంట్లో జార్ పటాలం నుంచి పట్టుబడ్డ తాతార్లు. దగ్గర్లోనే ఉన్న మరో దాంట్లో బ్రిటిషు పటాలం నుంచి పట్టుబడ్డ మన దేశపు సిపాయిలు. ఇద్దరూ తమది కాని సామ్రాజ్యం కోసం తుపాకి పట్టినవాళ్ళే. 1915 నుంచి 1918 వరకు జర్మన్ పండితుల సంఘం ఒకటి ఖైదీల శిబిరాలు తిరిగి, వాళ్ళ మాటలూ, పాటలూ గ్రామఫోను మీద ఎక్కించింది. ఆ రికార్డులు బెర్లిన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆస్ట్రియా శిబిరాల్లో రాబర్ట్ లాక్ అనే పండితుడు ఇదే పని చేశాడు. ఆయన సేకరించిన తాతార్ పాటల సంపుటం 1952లో అచ్చయింది.

ఆ రికార్డులు లేకపోతే చరిత్రకు నష్టమే. కాని ఎదట గొట్టం పెట్టి పాడమన్నప్పుడు ఖైదీకి కాదనే స్వేచ్ఛ ఎంత ఉండేది? ఆ గొట్టం కూడా ఒక పరాయి వాద్యమే. పల్లె గర్మోను మనిషి చేతిలో ఉన్నది. ఈ యంత్రం చేతిలో మనిషి ఉన్నాడు.

*

ఇక మన పాఠకులకు ప్రియమైనదీ, కష్టమైనదీ అయిన ఘట్టానికి వస్తున్నాను.

1906లో తాతార్ భాషలో మొదటి బహిరంగ నాటక ప్రదర్శన జరిగింది. 1910లో మహాకవి గబ్దుల్లా తుకాయ్ కజాన్‌లోని ప్రాచ్య క్లబ్బులో జానపద సాహిత్యం మీద ఉపన్యాసమిచ్చాడు. పల్లె పాటను చదువుకున్నవాళ్ళ ఎదట గౌరవంగా నిలబెట్టిన ఉపన్యాసం అది. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. మరి మూడేళ్ళకే చనిపోయాడు. విప్లవం తరవాత 1920లో తాతార్ స్వయంపాలిత రిపబ్లిక్ ఏర్పడింది. 1925లో కజాన్‌లో మొదటి తాతార్ ఆపెరా "సానియా" ప్రదర్శించారు. దాన్ని కూర్చినవారు ముగ్గురు: సుల్తాన్ గబాషీ అనే తాతారు, బష్కీరు ప్రాంతం నుంచి వచ్చిన గాయకుడు గజీజ్ అల్ముహమేదొవ్, వసీలీ వినోగ్రాదొవ్ అనే రష్యను. 1926లో కరీం తిన్చూరిన్ నాటకం "నీలి శాలువా"కు సాలిఖ్ సైదాషెవ్ సంగీతం కూర్చాడు. నాటకశాలలోని చిన్న వాద్యబృందం కోసం రాసిన ఆ పాటలు వీధుల్లోకి పోయి, జనం తమ పాటలే అనుకునేటంతగా కలిసిపోయాయి.

1934లో మాస్కో కన్సర్వేటరీలో తాతార్ ఆపెరా స్టూడియో తెరిచారు. పల్లెల నుంచి గొంతున్న పిల్లలను ఏరి, ప్రభుత్వ ఖర్చు మీద చదివించారు. 1939లో నజీబ్ జిగానొవ్ ఆపెరా "కచ్కిన్"తో కజాన్ ఆపెరా భవనం ప్రారంభమయింది. ఈ జిగానొవ్ తలిదండ్రులను పోగొట్టుకుని అనాథాశ్రమంలో పెరిగినవాడు. 1945లో కజాన్ కన్సర్వేటరీ స్థాపించి 1988లో చనిపోయేదాకా దానికి అధిపతిగా ఉన్నాడు. ఆయన ఆపెరా "అల్తిన్‌చెచ్"కు కథ రాసిన కవి మూసా జలీల్‌ను 1944 ఆగస్టులో బెర్లిన్ జైల్లో నాజీలు చంపారు. "షురాలే" బాలే రాసిన ఫరీద్ యారుల్లిన్ 1943లో యుద్ధంలో చనిపోయాడు. దాని పూర్తి వాద్యలేఖనం ఇతరులు చెయ్యగా, 1945లో కజాన్‌లో ప్రదర్శించారు. జార్ల కింద అణగిన జాతి ఒక తరంలో ఆపెరా, బాలే, కన్సర్వేటరీ సాధించింది. దీన్ని చిన్నచూపు చూసే వాళ్ళతో నాకు ఏకీభావం లేదు. అనాథ బాలుడు సంగీత విద్యాలయాధిపతి కావటం ఏ సమాజంలోనైనా మెచ్చుకోదగినదే.

అయితే సంగీతంలో ఏం జరిగింది? ఆ రోజుల్లో అందరి నోట ఉన్న సూత్రం: కళ రూపంలో జాతీయం, సారంలో సామ్యవాదం. ఆచరణలో ఇది తలకిందులయిందని నా అభిప్రాయం. రూపమంతా ఇటలీ, రష్యా ఆపెరాల నుంచి వచ్చింది. తాతార్లది అందులో వేసే ముడిసరుకు, అంటే బాణీ. మోసకారితనం వల్ల ఇలా అయిందని నేననటం లేదు. ఆ రూపానికి కొన్ని స్వభావసిద్ధమైన నియమాలున్నాయి.

యూరపు సంగీతానికి ప్రాణం హార్మొనీ అనే స్వరమేళనం. దాన్ని నడిపించే శక్తి అరస్వరాల్లో ఉంది. కాకలి నిషాదం షడ్జం పక్కనే నిలబడి దానిలోకి పోవాలని ఆరాటపడుతుంది. శుద్ధ మధ్యమం గాంధారంలోకి దిగాలని చూస్తుంది. ఈ రెండూ కలిసి పలికినప్పుడే వినేవాడికి ఇల్లు చేరాలనే ఆత్రం పుడుతుంది. మన మోహన వంటి అయిదు స్వరాల బాణీలో లేనివి సరిగ్గా ఈ రెండే! కాబట్టి పొడుగు పాటకు కింద మేళనం రాసే పండితుడు, ఆ పాటలో లేని స్వరాలను దాని కిందికి తేవలసి వచ్చింది. పాటకు లేని ఆత్రం దానికి అంటగట్టినట్టయింది. పైగా అరవై మంది వాయించాలంటే తాళం గీతలు ఉండాలి. ఊపిరితో సాగే పాట కర్రతో సాగటం మొదలయింది. పెద్ద శాలలో చివరి వరసకు వినపడాలని గొంతును ఇటలీ పద్ధతిలో సాధకం చేయిస్తే, సన్నని మెలికలు ఆ లావులో కొట్టుకుపోయాయి.

ఈ చిక్కు తాతార్ సంగీతకారులకు తెలియదనుకోకూడదు. కొందరు ఆ అయిదు స్వరాలతోనే మేళనం కూర్చే దారులు వెతికారు. అదే కన్సర్వేటరీలో చదివిన ఇల్హామ్ షకీరొవ్ పొడుగు పాటను దాని మెలికలతో సహా వేదిక మీదికి తెచ్చి, 2019లో చనిపోయేదాకా జాతి గొంతుగా మన్నన పొందాడు. కాబట్టి కన్సర్వేటరీ గోడలే పాటను చంపుతాయనటం కూడా నిజం కాదు.

నిజంగా చంపినవి వేరే ఉన్నాయి. "నీలి శాలువా" రాసిన తిన్చూరిన్‌ను 1938లో కాల్చి చంపారు. మొదటి ఆపెరా కూర్చిన ముగ్గురిలో ఒకడైన అల్ముహమేదొవ్‌ను అదే 1938లో కాల్చి చంపారు. ఇద్దరూ నిరపరాధులని 1950లలో ప్రకటించారు. ఆపెరా భవనం తెరిచిన 1939కి అంతకు ముందు ఏడాది ఇది. భవనాన్ని మన ఖాతాలో రాసుకుని, ఈ మరణాలను ఇంకొకరి ఖాతాలో రాయటం చరిత్ర రచన కాదు. జాతి రూపం ఎలా ఉండాలో నిర్ణయించే హక్కు జాతి చేతిలోంచి జారిపోయినప్పుడు, ఆ రూపానికి ఎన్ని వయొలిన్లు తోడిచ్చినా లోటు తీరదు. అభ్యుదయవాదులం గనకనే ఈ మాట మనం ముందుగా అనాలి. మనం అనకపోతే ఇంకొకరు ఇంకో ఉద్దేశంతో అంటారు.

*

యుద్ధానంతర తరంలో ఇంకో దారి కనిపిస్తుంది. సోఫియా గుబైదూలినా 1931లో చిస్తొపోల్ పట్టణంలో పుట్టింది. తండ్రి తాతారు, తల్లి రష్యను. 1954లో కజాన్ కన్సర్వేటరీలో చదువు ముగించి మాస్కో వెళ్ళింది. 1975లో విక్తోర్ సుస్లిన్, వ్యచెస్లావ్ అర్త్యోమొవ్ అనే ఇద్దరు సంగీతకారులతో కలిసి "ఆస్త్రేయా" అనే బృందం పెట్టింది. రష్యా, కాకసస్, మధ్య ఆసియా ప్రాంతాల జానపద వాద్యాలను చేర్చి, రాసిపెట్టుకున్నదేమీ లేకుండా, అప్పటికప్పుడు ఒకరినొకరు వింటూ వాయించటం వాళ్ళ పద్ధతి. 1979లో సంగీతకారుల సంఘ మహాసభలో ఏడుగురిని పేరు పేరునా ఖండించారు. ఈ ముగ్గురూ అందులో ఉన్నారు.

ఆమె తాతార్ పాటలు పాడలేదు. ఆమె రచనలను తాతార్ సంగీతమనటం కూడా పొరపాటే. కాని మన ప్రశ్నకు ఆమె పని ఉపయోగిస్తుంది. పల్లె గర్మోనుకు పెద్దన్న అయిన "బయాన్"ను ఆమె కచేరీ సంగీతంలోకి తెచ్చింది. 1978లో ఒంటరి బయాన్ కోసం "దె ప్రొఫుందిస్" రాసింది. అందులో ఆ తిత్తి మూలుగుతుంది, నిట్టూరుస్తుంది. 1998లో జపాను "కోటో", చీనా "జెంగ్" వాద్యాలకు యూరపు వాద్యబృందంతో కలిపి ఒక రచన చేసింది. 2025 మార్చిలో జర్మనీలో చనిపోయింది. పరాయి వాద్యాన్ని దగ్గరకు తీసుకునేటప్పుడు దాన్ని తన మాట పలకమని నిర్బంధించకుండా, అది ఏం పలుకుతుందో వినటం ఆమెకు తెలుసు. వినటమనే ఈ గుణం లేనప్పుడు ఎన్ని దేశాల వాద్యాలు ఒక చోట చేర్చినా అది సంత అవుతుంది గాని సంగీతం కాదు.

*

మళ్ళీ జూల్యా కమలోవా పాటకు వస్తాను. "బజార్లో అమ్మటం" అన్న మా విద్యార్థి మాటను తోసివెయ్యటం నాకిష్టం లేదు. "ప్రపంచ సంగీతం" అనే మాట వ్యాపారపు గుర్తుగా స్థిరపడింది 1987లో. లండన్‌లోని ఒక పానశాలలో చిన్న రికార్డు కంపెనీల వాళ్ళు సమావేశమై, దుకాణాల్లో తమ సరుకుకు ఒక అర ఉండాలని ఆ పేరు నిర్ణయించారు. ఆ పానశాల పేరు "రష్యా మహారాణి" అట! ఆ అరలో ఆఫ్రికా పాటా, తాతార్ పాటా, మన పాటా పక్కపక్కన పడి ఉంటాయి. వాటికి గల సామాన్య లక్షణం ఒక్కటే: అవి ఇంగ్లీషు వాళ్ళవి కావు. ఆ అర కోసం పాటను కత్తిరించే వాళ్ళు కోకొల్లలు. మెలికలు తగ్గించి, డ్రమ్ము పెంచి, మూడు నిమిషాల్లో ముగించేస్తారు. కొనేవాడి తొందరకు పాట లొంగిపోతుంది. మాస్కోలో కర్రకు లొంగినట్టే.

ఆమె పాట అలా లొంగిందా? నేను ఆ రికార్డు మళ్ళీ మళ్ళీ విన్నాను. నా చెవికి తెలిసినంతవరకు, గొంతు ఆగినప్పుడు అకార్డియన్ ఆగుతున్నది. గొంతు మెలిక తిరుగుతుంటే గిటారు పక్కకు జరిగి నిలబడుతున్నది. అక్కడక్కడ డ్రమ్ము తొందరపడిన మాట నిజం. ఆ చోట్ల నాకు పాట దూరమయింది. మొత్తం మీద వాయిద్యగాళ్ళు ఆమె ఊపిరిని కనిపెట్టి ఉన్నారు. ఎవరితో పాడాలో, ఏ భాషలో పాడాలో నిర్ణయించుకున్నది ఆమె. ఎదట కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఒక్క మాట అర్థం కాకపోయినా ఆమె తాతార్‌లోనే పాడింది. వందేళ్ళ కిందట పల్లెవాడు తూలా పెట్టెను తెచ్చుకున్నట్టే ఆమె గిటారును తెచ్చుకున్నది. ఈ పని సంకరమైతే ఆ పనీ సంకరమే. అప్పుడు గర్మోనును కూడా ఆ జాతి దగ్గర్నుంచి లాక్కోవలసి ఉంటుంది.

మా విద్యార్థినికి కూడా ఒక మాట చెప్పాలి. వాద్యాలకు సరిహద్దులు లేవు. నిజమే. కాని అధికారానికి ఉన్నాయి. వియన్నా పెట్టె వోల్గా దాకా వచ్చింది గాని, వోల్గా కురాయ్ వియన్నా వాద్యబృందంలో కుర్చీ సంపాదించలేదు. ఈ వ్యత్యాసాన్ని మరిచిపోయి "అన్నీ కలవనివ్వండి" అంటే, బలవంతుడి వాద్యం గట్టిగా వినిపిస్తుంది, అంతే. అంతర్జాతీయత అనేది సమానుల కలయిక. ఆ సమానత్వం లేని చోట దానికోసం పోరాడటం కూడా సంగీతకారుడి పనిలో భాగమే.

ఇంతకూ తాతార్ పాటకు ఇవాళ నిజమైన ప్రమాదం ఎక్కడుంది? రష్యాలో తమను తాతార్లని చెప్పుకున్నవాళ్ళు 2010 జనాభా లెక్కల్లో 53 లక్షలు. 2021 లెక్కల్లో 47 లక్షలు. 2017లో తాతార్‌స్తాన్ బడుల్లో తాతార్ భాష నిర్బంధ పాఠ్యాంశంగా ఉండటం ఆగిపోయింది. తలిదండ్రులు రాసి ఇస్తేనే, అదీ వారానికి రెండు గంటలకు మించకుండా చెప్పే చదువయింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ భాష లిపి రెండుసార్లు మారింది: అరబ్బీ పోయి లాటిన్ వచ్చింది, లాటిన్ పోయి 1939లో సిరిలిక్ వచ్చింది. తాత రాసిన ఉత్తరం మనమడు చదవలేకపోయాడు. కాని నానమ్మ పాడిన బాయిత్ మనమరాలికి అర్థమయింది. పాటకు లిపి అక్కర్లేదు గనక. పాటకు మాట మాత్రం కావాలి. ఆ మాటే బడిలోంచి పోతే పొడుగు పాటలో ఏ అక్షరం మీద గొంతు మెలిక తిరుగుతుంది?

పరాయి గిటారు తలుపు దగ్గర మనం కాపలా కాస్తున్నాం. దొంగ పెరటి గోడ దూకి, భాషను ఎత్తుకుపోతున్నాడు. ఈ పొరపాటు వోల్గా ఒడ్డున మాత్రమే జరుగుతున్నదని నేననుకోవటం లేదు. మన పత్రిక చదివే ఉపాధ్యాయులకు ఇంతకన్న వివరించి చెప్పనక్కర్లేదు.

మా విద్యార్థులు వచ్చే ఆదివారం మళ్ళీ వస్తామన్నారు. ఈసారి వాళ్ళకు ముందు వాద్యమేమీ లేని ఒక పొడుగు పాట వినిపించాలనీ, తరవాత గర్మోనుతో ఉన్నది, ఆ తరవాత ఆపెరాలోది, చివరకు ఆస్ట్రేలియాలోది వినిపించాలనీ అనుకుంటున్నాను. ఎక్కడ గొంతు ఊపిరి ఆడింది, ఎక్కడ ఆడలేదు అని వాళ్ళనే అడుగుతాను. నేను డ్రమ్ము తొందరపడిందన్న చోట వాళ్ళలో ఒకరైనా కాదని వాదిస్తారు. వాదించనీ.